ఒక్కనాటి కొండ

మన దేశమున కొండ యెక్కువారు మూడు తెగలుగా నున్నారు. మొక్కు దీర్చుకొనుటకై యెక్కువారు మొదటి తెగ. మేకలకును, కట్టెలకును, తేనెకును ఎక్కువారు రెండవ తెగ. నిక్షేపము లున్నవని నమ్మి చీకటివేళ గడ్డపారలతో నెక్కువారు మూడవ తెగ. మొదటివారిని లోకము గౌరవించును. రెండవవారిని గమనింపదు. మూడవవారిని పైకి దూషించి లోలోపల నసూయపడును. ఈ మూటిలో నేదియు గాక, కొండను చూచుటకే కొండ యెక్కెదమనువాని తల చెడినదని తలచును.

ఈ నాలుగవ తెగను మన యిండ్లలో పుట్టింపవలెనని మాకు చిరకాలముగా కోరిక. అందులకు ఆత్మకూరువారికి దూరదేశములు పోవలసిన పని లేదు. ఉదయగిరి దుర్గము మన వాకిటనే యున్నది. ఉదయమున పోయి సాయంకాలమునకు దిగి రాదగిన కొండ యది. ఆరోగ్యవంతులకు అసాధ్యము గాదు, అజాగ్రత్తపరులకు క్షేమము గాదు. ఇట్టి మధ్యరకపు కొండకే ఆలోచన యెక్కువగా కావలయును. మిక్కిలి సులభమైనదానికి ఏర్పాటు అక్కఱలేదు; మిక్కిలి కష్టమైనదానిని గృహస్థు తలపెట్టనే తలపెట్టడు.

దుర్గము ఎత్తు సముద్రమట్టమునకు 3,079 అడుగులు. కొన్ని వైపుల నిట్రమైన బండగోడలు. కొండమీద ఎనిమిది, క్రింద అయిదు, మొత్తము పదమూడు కోటల రక్షణ దీనికి పూర్వముండెను. గజపతుల వశమున నున్న యీ దుర్గమును కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో పట్టుకొనెను. ఇచటి బాలకృష్ణ విగ్రహమును తన రాజధానికి గొనిపోయి గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించెను. ఇంచుమించు ఏడాదిన్నర సాగిన యా ముట్టడిని గూర్చి పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసిన దానిలో మాకు మిక్కిలి నచ్చినది యుద్ధము గాదు, దారి. కొండమీదికి ఒక్కటే మార్గముండెననియు, అందు మనుష్యులు ఒకరి వెనుక నొకరు మాత్రమే పోగలరనియు, రాయలు పెద్దబండలను పగులగొట్టించి తన సైనికులకు త్రోవలు చేయించెననియు నతడు చెప్పినాడు. అంత చక్రవర్తికిని మొదట దారియే చిక్కు! ఆయనకు ఏడాదిన్నర గడువుండెను. మనకున్నది ఒక్క పగలు.

ఇటలీ దేశమున 1863లో ట్యూరిన్ నగరమందు పర్వతారోహకుల సంఘ మొకటి స్థాపింపబడినది. ఆ సంఘమువారు అడవికొండల దారుల వెంట చెట్లమీదను రాళ్లమీదను ఎఱుపు తెలుపు చాఱలు పూయుదురు. ప్రతి దారికి నొక సంఖ్య, కష్టమును బట్టి యొక తరగతి. అందుచేత అచటి గృహస్థు భార్యాబిడ్డలతో ఆదివారమున బయలుదేరి, చాఱను చూచుకొనుచు పోయి, దిగి వచ్చుచున్నాడు. మన దుర్గముమీద అట్టి చాఱలను నమ్ముకొని పోవుటకు లేదు. కావున రంగు చేయు పనిని మన బుద్ధి చేయవలెను.

ఈ సంవత్సరము మా విద్యార్థులను పదునలుగురిని కొండకు గొనిపోవ నిశ్చయించి, వారిలో ఆరుగురు బాలికల పేర్లను వ్రాసితిమి. మరునాడే ఒక తండ్రి మా యింటికి వచ్చెను. అతడు మంచివాడు, బిడ్డను చదివించుచున్నవాడు. "అయ్యవారూ, మగపిల్లోళ్లను తీసుకుపోండి. ఆడబిడ్డకు కొండలూ గుట్టలూ ఎందుకు చెప్పండి? రేపు నలుగురూ నాలుగు మాటలంటారు" అనెను. మే మేదో చెప్పబోవునంతలో అతని వెంట వచ్చిన వృద్ధమాత అందుకొనెను. "ఒరే అబ్బయ్యా, నేను నిన్ను కడుపున మోస్తా తిరుమల కొండ నడిచెక్కినా. అప్పుడు ఏ నలుగురూ ఏమీ అనలేదే?"

ఆ ముసలామె మాటకు మించిన వాదము మా చదువులో లేదు. అలిపిరి నుండి తిరుమలకు మెట్లు 3,550. తిరుమల యెత్తు సుమారు 2,800 అడుగులు. మన దుర్గమునకు ఇంచుమించుగా సరియైన ఆ కొండను మన స్త్రీలు తరతరములుగా, బిడ్డలను చంకబెట్టుకొని, మెట్టుమెట్టునకు పసుపు కుంకుమ లద్దుచు, వంగి వంగి యెక్కుచున్నారు. వారికి కాళ్లు లేవని యెవ్వరు ననలేదు. మొక్కు పేరిట నున్న కాళ్లు విజ్ఞానము పేరిట మాయమగునా? పార్వతి తపస్సునకై శిఖర మెక్కిన కథను కుమారసంభవమున బాలికలకు పాఠము చెప్పి, పుస్తకము మూయగానే "నీవు గుమ్మము దాటవల"దని చెప్పుట మా వృత్తిలోని వారికి తగునా?

తండ్రి మెత్తబడి యొక నియమము పెట్టెను: బిడ్డతోడ తల్లియు రావలెను. మేము సంతోషముగా నంగీకరించితిమి. ఆ యిల్లాలు పొయ్యికిని పొలమునకును నడుమ నడకయే గాని, పని లేని నడక యెరుగదు. ఆమె పేరు పట్టికలో చేరగానే మా యేర్పాటంతయు మారినది. అంతవరకు మేము చుఱుకైన బాలురను దృష్టియందుంచుకొని వేళలు లెక్కించితిమి. గుంపునకు వేగ మెప్పుడును కడపటి మనిషిదే. ముందువాడు శిఖరము చేరినంతనే గుంపు చేరినట్లు గాదు. సంఘమునకును ఇదియే సూత్రమని మేము వేరుగా చెప్పనేల?

స్కాట్లండువాడగు నైస్మిత్ 1892లో కొండనడకకు ఒక లెక్క చెప్పెను: మూడు మైళ్ల నడకకు ఒక గంట, పైగా ప్రతి రెండువేల అడుగుల ఎక్కుడునకు మరియొక గంట. మన దారిని వంపులతో మూడు మైళ్లుగాను, ఎక్కుడును 2,500 అడుగులుగాను భావింతము. ఆ లెక్కకు రెండుంబావు గంటలు. అది అలవాటుపడిన వారి లెక్క. మా గుంపునకు దానిని రెట్టించితిమి, నాలుగున్నర గంటలు. జనవరిలో మనకు ప్రొద్దు దాదాపు ఆరున్నరకు పొడిచి, ఆరు ప్రాంతమున గ్రుంకును. ఉదయగిరి యను పేరునకు తగినట్లు సూర్యునితోడనే అడుగు వేసినచో పదునొకండు గంటలకు పైన నుందుము. ఎక్కడ నున్నను పదునొకండున్నరకు వెనుకకు తిరుగవలెను. దిగుటకు మూడు గంటలు, భోజనమునకు ఒక గంట, మూడున్నరకు క్రింద. చీకటికి ముందు రెండు గంటలు మిగులును. ఆ రెండు గంటలు సోమరితనమునకు గాదు, బెణికిన చీలమండకు.

శిఖరము నూరడుగుల దూరమున నున్నను గడియారము చెప్పిన వేళకు తిరుగవలెనా యని ఒక బాలుడడిగెను. తిరుగవలెను. కొండ రేపును ఉండును. ఓటమి యనుమాట ముట్టడి చేసినవానికి గాని చూడవచ్చినవానికి లేదు.

జనవరినే యేల కోరితిమనగా, నెల్లూరు సీమకు పెద్దవానలు ఈశాన్య ఋతుపవనమువలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. అప్పుడు బండలు పాచిపట్టి జారును. మార్చి దాటిన పిదప ఎండ పగవాడు. జనవరిలో అడవి పచ్చగా నుండును, గాలి చల్లగా వీచును. అయినను మనిషికి మూడు లీటర్ల నీరు ఎవరిది వారే మోయవలెను. పులిహోర, వేరుసెనగ ఉండలు, అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ చాలును. ప్లాస్టికు సీసా యేదైన పైకి పోయినచో క్రిందికి రావలెను, లెక్క చూచుకొందుము. సెల్‌ఫోను వెంట నుండవచ్చును గాని దానిని త్రోవచూపరిగా నమ్మరాదు.

త్రోవచూపరి యొక మేకల కాపరి. ఆ కొండను పాఠ్యపుస్తకమువలె నెరిగిన వాడు. అతనికి దినకూలి ముందుగా నిర్ణయించితిమి. భోజనమున అతడు మా పంక్తిలోనే కూర్చుండును. ఇది ఇష్టము లేనివారు పట్టికనుండి పేరు తీయించుకొనవచ్చునని స్పష్టముగా చెప్పితిమి. ఎవ్వరును తీయించుకొనలేదు.

అడవి అటవీశాఖవారి యధీనమున నున్నది. వారి యనుమతి లేక అడుగు పెట్టరాదు. ఈ వెలిగొండలలో ఎఱ్ఱచందనము పెరుగును. తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప లోకమున మరెక్కడను సహజముగా పెరుగని చెట్టది. దానికై దొంగలు తిరుగుచుండగా, అనుమతి లేని గుంపు అనుమానమునకు పాత్రమగుట వింత గాదు. పాముకాటు తగిలినచో గట్టిగా కట్టు కట్టుట, కోయుట, మంత్రగాని వెదకుట నిషిద్ధములు. కాటు తగిలిన అవయవమును కదల్పక, మనిషిని మోసికొని విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చవలెను. ఆ మందు ఏ యాసుపత్రిలో నున్నదో బయలుదేరుటకు ముందే విచారించుకొనవలెను. బండలకు తేనెపట్టులున్నచోట కేకలు, పొగ కూడదు.

గోడలమీద పేర్లు చెక్కుట మా గుంపులో లేదు. నిక్షేపములకై త్రవ్విన గోతులు గుడులయందును కోటలయందును చూచినప్పుడు, నిజమైన నిధిని ఎవరు పాడుచేసిరో పిల్లలే గ్రహింతురు. కొండమీద గుడుల శిథిలములతో పాటు గోల్కొండ సుల్తానుల నాటి మసీదును, దాని పారసీ శాసనములును ఉన్నవి. రెంటిని ఒక్క గౌరవముతో చూపింతుము.

దిగివచ్చిన పిదప బస్సునకు వేళయున్నచో పట్టణమున కొయ్యగరిటెలు చెక్కు వీథికి పోవుదుము. నర్ది, బిక్కి, కలివి మొదలగు అడవికొయ్యలతో చెంచాలు, ఫోర్కులు చేయు ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. చేయువారిలో పెక్కండ్రు ముస్లిము స్త్రీలు. ఉదయమున చెట్టుగా చూచిన కలివిని సాయంకాలము ఒక స్త్రీ చేతిలో గరిటెగా చూచిన బాలికకు, అడవికిని ఇంటికిని గల సంబంధమును మేము బోధింప నక్కఱలేదు.

మొక్కులకై పోవు చదువరులు పోవుచునే యుందురుగాక. ఏడాదికొక్క పగలు మాత్రము, ఏ కోరికయు కోరక, ఇంటిలోని స్త్రీలను బిడ్డలను వెంటబెట్టుకొని తమ యూరి కొండ నెక్కి, తమ యూరు పైనుండి ఎంత చిన్నదిగా కనబడునో చూచిరావలెనని మా మనవి. నలుగురి మాటలు అంతకన్న చిన్నవిగా వినబడును. మా పట్టిక ఇప్పుడు పదునెనిమిదికి పెరిగినది. ఆ ముసలామె తన పేరును వ్రాయుమన్నది. కొండ మొదటి బురుజు దాక వచ్చి, అచట కూర్చుండి మా కొఱకు కనిపెట్టుకొని యుండునట!