లక్క తిరగలి

చిన్నప్పుడు చేసిన దొంగతనాన్ని 38 ఏళ్ళ తర్వాత ఒప్పుకోవడం ఎలాగో నేను చదివిన తెలుగు ఎం.ఏ.లో ఎక్కడా చెప్పలేదు. అందుకని ఇంగ్లండు నుంచి ఒక ఆట అరువు తెచ్చుకోవలసివచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్ళు, అక్కకు పదేళ్ళు. ఆ ఏడు శివరాత్రికి మా అవ్వ ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా అడవిదారిన నడిచి శ్రీశైలం వెళ్ళింది. వస్తూ అక్కకు లక్కపిడతల బుట్ట, నాకు బొంగరం తెచ్చింది. బొంగరం రెండోనాటికే చీలింది. అక్క బుట్టలో ఎర్రటి తిరగలి ఉండేది. వేలితో తోస్తే గిర్రున తిరిగేది. అడిగితే ఇవ్వనంది. ఒక మధ్యాహ్నంపూట దాన్ని కాజేసి అటకమీది ట్రంకుపెట్టెలో పడేశాను.

"ముసలామె కొండమీదినుంచి మోసుకొస్తే పారేసుకుంటావా?" అని అమ్మ అక్కను కొట్టింది. ఆపైన దానికి మరి బొమ్మ కొననూలేదు. నేను తలుపు చాటునుండి అంతా చూశాను.

అమ్మ పోయిన తర్వాత నంద్యాల ఇల్లు ఖాళీ చేస్తుంటే అది బయటపడింది. రంగు చెక్కుచెదరలేదు.

ఇక ఆట సంగతి. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీళ్ళలో యాత్రికులకు దారిచూపే జేమ్స్ పెరట్ అనే ఆయన, క్రాన్‌మియర్ పూల్ అనేచోట ఒక సీసా పెట్టాడట. అంతదూరం నడిచివచ్చినవాళ్ళు తమ పేరుచీటీ అందులో వేసిపోయేవారు. రానురాను సీసా డబ్బా అయింది. డబ్బాలోకి ఒక పుస్తకమూ, ఒక రబ్బరుముద్రా వచ్చిచేరాయి. పొడుపుమాటలు విప్పుకుంటూ డబ్బా వెతకాలి. దొరికితే దాని ముద్ర మన పుస్తకంలోనూ, మన ముద్ర దాని పుస్తకంలోనూ వేసుకోవాలి. దీన్ని లెటర్‌బాక్సింగ్ అంటారు. 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో వ్యాసం వచ్చాక అమెరికాలోనూ పాకింది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మన సాక్షిగణపతి చేస్తున్నదేమిటి? ఒక చేత గంటం, ఒక చేత పుస్తకం పట్టుకుని, శ్రీశైలం వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడనే గదా పెద్దలు చెబుతారు!

అక్కను పిల్లలతోసహా శ్రీశైలం రమ్మన్నాను. పిల్లలకు ఆట అన్నాను. ముద్రలు నేనే చెక్కాను. మా పక్క ఆళ్ళగడ్డలో శిల్పులు బండరాళ్ళలోంచి దేవుళ్ళను తీస్తారు. నేను పెన్సిలురబ్బరు చెక్కబోయి వేలు కోసుకున్నాను.

మొదటి చీటీ సత్రం గదిలో ఇచ్చాను: "ఒళ్ళంతా పాలు, ఆవును కాను. కడుపులో వంటిల్లు, ఇల్లాలిని కాను." మేనల్లుడు చీటీ అటూఇటూ తిప్పి, "ఇది పరీక్షలో ఇస్తే అందరూ తప్పుతారు మామా" అన్నాడు. మా అమ్మాయి మాత్రం పెరట్లోకి పరుగెత్తి ఆకులన్నీ తుంచి చూడసాగింది. ఒక ఆకు తెల్లటి పాలు కార్చింది. అది అంకుడు చెట్టు. మొదట్లోనే డబ్బా.

అందులో బొమ్మ పుట్టుక రాసిపెట్టాను. అవ్వ శ్రీశైలంలో కొన్నది కనుక అది శ్రీశైలం బొమ్మేనని ఇంటిల్లిపాదీ నమ్మాం. ఆమధ్య ఒక ప్రదర్శనలో ఏటికొప్పాక పనివాడికి చూపిస్తే, చేతిలోకి తీసుకుంటూనే "ఇది మా పనేనండీ" అన్నాడు. ఏటికొప్పాక వరాహనది ఒడ్డున ఉంది. మెత్తటి అంకుడు కొయ్యను తరిణె పడతారు. అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. పైన మొగలిరేకుతో మెరుగు పెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు మన నల్లమలలోనూ పెరుగుతుంది. పని తెలిసిన చేతులు మాత్రం అక్కడ ఉన్నాయి.

రెండో చీటీ: "చెయ్యి ఖాళీలేని సాక్షి వాకిట అడగండి." అడవిలో డబ్బాలు దాచరాదు, అది పులుల అభయారణ్యం. గుడిలో అసలే కూడదు. అంచేత సాక్షిగణపతి గుడి బయట కొబ్బరికాయలమ్మే ఆవిడ చేతికిచ్చి ఉంచాను.

ఆవిడ డబ్బాను తిన్నగా అక్క చేతిలో పెట్టింది. పుస్తకం మొదటి పేజీలో నేను రాసిందల్లా రెండు ముక్కలు: "దాచింది నేను. దెబ్బలు తిన్నది నువ్వు."

అక్క చదివి అరుగుమీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. కొబ్బరిపీచు తొక్కుకుంటూ జనం లోపలికీ బయటికీ నడుస్తూనే ఉన్నారు. నా గొంతు తడారిపోయింది.

"అత్తా, ఇది ఎవరిది?" అంది మా అమ్మాయి.

"నాది."

పుస్తకంలో ముద్ర వేసింది. కింద సంతకం చేసి, తేదీ కూడా వేసింది. తిరగలిని ఒళ్ళో పెట్టుకుని వేలితో తోసింది. అది తిరిగింది. ఆపి, వంగి దగ్గరగా చూసింది.

"పైరాతికి పిడి ఉండేది గదరా. పిడి యాడ పెట్టినావు?"

నిజంగానే నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"పెట్టె మళ్ళా ఎతుకు" అంది, తిరగలిని కొంగులో మూటకడుతూ.