నేల ఒప్పుకుంటేనే

చెట్టు నేలను తిని పెరుగుతుందనిపిస్తుంది. నిజానికి ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనమే, ఆ కర్బనమంతా గాలిలోంచి వచ్చిందే. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. చెట్ల వైపు నుంచి చూస్తే ఇది తిండి పెరగడమే. తిండి పెరిగితే ఒళ్లూ పెరగాలన్న ఊహ సహజమైనదే. ఆ ఊహను అడవిలోనే పరీక్షించి చూశారు.

అమెరికాలో నార్త్ కరోలినాలోని డ్యూక్ అడవిలో, 1983లో నాటిన లాబ్లాలీ పైన్ల మధ్య 30 మీటర్ల వ్యాసమున్న వలయాలుగా గొట్టాల స్తంభాలు నిలబెట్టారు. పైకప్పు లేదు, గోడ లేదు. ఎండా వానా మామూలే. స్తంభాలు మాత్రం గాలివాటం చూసుకుంటూ, లోపలి చెట్లకు బయటికన్నా 200 పాళ్లు ఎక్కువ వాయువు అందేలా చూశాయి. 1996 నుంచి 2010 దాకా ఈ విందు సాగింది. పైన్లు ఏపుగా పెరిగాయి, చిన్న వయసులోనే కాపుకొచ్చి విత్తనాలు విరివిగా రాల్చాయి. వాటి నీడలోని పాయిజన్ ఐవీ తీగ ఇంకా ఉత్సాహంగా అల్లుకుంది. తగిలితే ఒంటిమీద దద్దుర్లు లేపే దాని రసం మునుపటికన్నా ఘాటెక్కింది. విందులో ఎవరి విస్తరిలో ఎంత పడుతుందో వడ్డించేవాడి చేతిలో లేదు.

టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో స్వీట్‌గమ్ చెట్లకూ ఇలాగే పెట్టారు. 2001–2003 నాటికి మామూలుకన్నా 24 శాతం అదనంగా సాగిన ఉత్పత్తి, 2008కి 9 శాతానికి దిగింది. వాయువు తగ్గలేదు, తగ్గింది నేలలోని నత్రజని. ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. గాలిలో 78 శాతం నత్రజనే. ఆకు పగలూ రాత్రీ అందులోనే మునిగి ఉంటుంది, అయినా దానికి నత్రజని కరువే. ఆ నత్రజనిలో జంటగా బిగుసుకున్న పరమాణువులను విడదీసే శక్తి చెట్టుకు లేదు. అది మెరుపులకుంది, కొన్ని సూక్ష్మజీవులకుంది. మన కోస్తాలో ఇసుక నేలల్లోనూ సరుగుడు నిటారుగా లేస్తుందంటే, దాని వేళ్ల బుడిపెల్లో కాపురముండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి చలవే. ఆ తోడు లేని డ్యూక్ పైన్లు మరో దారి పట్టాయి. మిగులు కర్బనాన్ని వేళ్లగుండా మట్టిలోని బూజులకూ సూక్ష్మజీవులకూ పంచి, బదులుగా నత్రజని రాబట్టుకున్నాయి. వాటి పెరుగుదల అన్నేళ్లు నిలబడడానికి ఈ బేరమే ముఖ్య కారణమంటారు.

బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఆకు కూడా మారుతుంది. పిండిపదార్థం నిండుతుంది, నత్రజని పలచబడుతుంది. వాయువు సులువుగా దొరుకుతున్నప్పుడు దాన్ని పట్టుకునే మాంసకృత్తుల మీద చెట్టు అంత ఖర్చు పెట్టదు. చాలా జాతుల్లో వగరు పెంచే టానిన్లు ఎక్కువవుతాయి. చూపుకు పుష్టిగా ఉన్న ఆకు పురుగుకు మాత్రం పస తక్కువ తిండి. అందుకే ప్రయోగశాలలో గొంగళిపురుగులు అలాంటి ఆకును ఎక్కువ మేస్తాయి. డ్యూక్ అడవిలో మాత్రం ఆకులకు పురుగు కాటు తగ్గింది. పస లేని తిండితో పురుగు ఎదగడం ఆలస్యమవుతుంది, అడవిలో ఆలస్యమైన పురుగును పిట్ట వదలదు. ఇది నా ఊహ. పెట్టెలో పెంచిన పురుగుకు ఆ భయం లేదు కదా.

నత్రజనే కొరత అయితే అదే పోస్తే పోలేదా? మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ అడవిలో 1988 నుంచి పోస్తూ వచ్చారు. పెద్ద మోతాదు అందిన రెడ్ పైన్లు కొన్నేళ్లకు వరసగా చావడం మొదలైంది. అంతే మోతాదు తాగిన పక్క తావులోని వెడల్పాకు చెట్లు పెరిగాయి. ఒకదానికి ఊపిరి పోసిందే మరొకదానికి ఉరి అయింది.

సిడ్నీ దగ్గర ముదురు యూకలిప్టస్ అడవిలో 2012 నుంచి 150 పాళ్లు ఎక్కువ బొగ్గుపులుసు వాయువు ఇచ్చారు. ఆకులు సుమారు 12 శాతం ఎక్కువ కర్బనం లోపలికి తీసుకున్నాయి. కాండాలు మాత్రం లావెక్కలేదు. తీసుకున్నది చాలావరకు చెట్ల శ్వాసగా, మట్టి శ్వాసగా తిరిగి గాలిలోనే కలిసింది. అడవులున్నాయి కదా, మన పొగను అవే మింగుతాయని లెక్కలు కట్టేవాళ్లు ఈ అడవిని తప్పక చూడాలని నాకనిపిస్తుంది. అక్కడి నేల ఎంతో పాతది, భాస్వరానికి పేద. అదే అడవిలో మరోచోట భాస్వరం వేసి చూస్తే, గాలి మామూలుగా ఉండగానే కాండాలు లావయ్యాయి.