ఎంత బరువు మోయాలి?

రోడ్డు మీద గతుకు కనిపిస్తే చాలు, వెనక కూర్చున్న అమ్మ రెండు చేతులతో ముందు సీటును పట్టుకుంటుంది. కళ్లు గట్టిగా మూసుకుంటుంది. గతుకు దాటాక గానీ తెరవదు. నలభై ఏళ్లుగా ఆ అంబాసిడర్‌లో ఆమె ప్రయాణం అంతే. కొడుకు ఆ సంగతి గమనించింది మాత్రం మొన్ననే. ఎక్స్‌రే చూసిన డాక్టరు 'ఈ వయసులో వెన్నుకి కుదుపులు పడకూడదు' అన్న తర్వాత...

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నూజివీడు దగ్గర సొంతూరు. ఆ కారు 1984లో వాళ్ల నాన్న కొన్నది. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అమ్మేయమని పిల్లలు ఎన్నిసార్లు చెప్పినా మాస్టారు వినలేదు. ఎత్తైన సీటు, వెడల్పాటి తలుపు... మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఎక్కడం, దిగడం అందులోనే తేలిక. పైగా అది నాన్న బండి.

కొంతకాలంగా అది వెనక ఎడమవైపు కుంగినట్టు కనిపిస్తోంది. చదునైన చోట నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి కొలిచారు. కుడివైపు కన్నా ముప్పావు అంగుళం తక్కువ! కుంగిందంటే స్ప్రింగు మెత్తబడినట్టే కదా, మరి ఇంత కుదుపు ఎందుకు? లెక్కల మాస్టారికే లెక్క కుదరలేదు. కారు తీసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లారు.

'ఎత్తు వేరు, గట్టిదనం వేరు మాస్టారూ' అన్నాడు మేస్త్రీ. అంబాసిడర్‌కి ముందువైపు టార్షన్ బార్లు, వెనకవైపు కమాన్ కట్టలు. కట్టలో పట్టీలన్నీ విల్లులా వంగి, ఒకదానిమీద ఒకటి జారుతూ బరువు మోస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వంపు తగ్గి బండి కుంగుతుంది. అంతమాత్రాన ఉక్కు మెత్తబడదు. పట్టీల మధ్య తుప్పు చేరితే అవి జారడం మానేసి బిగుసుకుంటాయి. గతుకులో కట్ట వంగాల్సింది పోయి, ఆ దెబ్బను తిన్నగా సీటుకి పంపిస్తుంది.

దుకాణంలో మూడు దారులు చెప్పారు. పాత పట్టీలనే కొలిమిలో కాల్చి మళ్లీ వంచడం ఒకటి. ఖర్చు తక్కువే. కానీ కాల్చడం, చల్లార్చడం పద్ధతిగా జరక్కపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ కుంగుతుంది, లేదా విరుగుతుంది. రెండోది, ట్యాక్సీలవాళ్లు వేయించుకునే గట్టి సెట్టు. మూడోది, కంపెనీ కొలతలకు సరిపోయే మామూలు కొత్త సెట్టు.

మాస్టారి మనసు గట్టి సెట్టు మీదకే పోయింది. మళ్లీ మళ్లీ కుంగే బాధ ఉండదుగా! 'బండి గట్టిగా ఉండాలి' అన్నది నాన్న మాట కూడా.

'వెనక ఎంతమంది ఎక్కుతారండీ? డిక్కీలో ఏం వేస్తారు?' అడిగాడు దుకాణదారు.

మాస్టారు కాసేపు ఆలోచించారు. వెనక అమ్మ ఒక్కతే. డిక్కీలో స్టెప్నీ, మందుల సంచి.

'దానికి గట్టి సెట్టు ఎందుకండీ? బరువు లేకపోతే ఆ స్ప్రింగు వంగదు. వెనకభాగం ఎత్తుకుని, బండి ఎగిరెగిరి పడుతుంది. పట్టీ మందం పదోవంతు పెరిగితే చాలు, గట్టిదనం దాదాపు మూడోవంతు పెరుగుతుంది' అన్నాడాయన. మందం ఘనాన్ని బట్టి గట్టిదనం పెరుగుతుందన్న లెక్క మాస్టారికి చప్పున అర్థమైంది.

ఇంతలో మేస్త్రీ పాత కట్టలు విప్పాడు. రెండింటిలోనూ ఒక్కో పట్టీ మిగతావాటికన్నా మందంగా ఉంది. 'ఇవి కంపెనీవి కావు మాస్టారూ... ఎవరో తర్వాత వేయించారు.'

ఎవరో ఏమిటి, నాన్నే! వేసవి వస్తే ఇంటిల్లిపాదీ ఆ కారులోనే. డిక్కీ నిండా మామిడికాయల బుట్టలు. మాస్టారికి అవన్నీ కళ్లముందు మెదిలాయి. కొత్త కట్టల్లోనూ అలాంటి పట్టీ ఉండాలేమో అనిపించింది. ఏదీ తేల్చుకోలేక ఇంటికి ఫోన్ చేశారు.

'మీ అక్క పెళ్లి ముందు వేయించారురా. సామాను మోయలేక బండి కూలబడుతోందని. పెళ్లయ్యాక తీయించేస్తానన్నారు. అప్పట్నుంచే ఈ ఎగిరిపడటం' అంది అమ్మ.

'మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?'

'ఎవరడిగారు?'

మాస్టారు ఇంకేం మాట్లాడలేదు. మామూలు సెట్టే తీసుకున్నారు. కుంగింది ఒకవైపే అయినా రెండువైపులా మార్పించారు. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బండి ఒరుగుతుంది. యూ బోల్టులు బిగింపుకి సాగి ఉంటాయి కాబట్టి అవీ కొత్తవే వేయించారు. రబ్బరు బుష్‌లున్న బోల్టుల్ని బండి జాకీ మీద ఉండగా బిగించొద్దని, చక్రాలు నేలకు ఆని బరువు పడ్డాకే బిగించాలని మేస్త్రీ చెప్పి మరీ చేశాడు. కొద్దిరోజులు తిరిగాక వచ్చి బిగింపు చూపించుకోమన్నాడు.

పాత పట్టీలు రెండూ డిక్కీలో వేసుకుని మాస్టారు ఊరికి వచ్చేశారు.

మర్నాడు అమ్మను ఎక్కించుకుని బయల్దేరారు. ఊరి చివర స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆమె ఎప్పట్లానే ముందు సీటు పట్టుకుంది. కళ్లు మూసుకుంది. బండి మెల్లగా లేచి, మెల్లగా దిగింది.

'దాటిందా?' అంది కళ్లు తెరిచి.

'దాటిందమ్మా.'

ఆమె చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. 'మీ నాన్న ఉండగానే తీయించాల్సిందిరా... ఆయనా నడుంనొప్పి అనేవారు' అంది కిటికీలోంచి తోటల వైపు చూస్తూ.

ఆ పట్టీల్ని మాస్టారు పాతసామాన్లవాడికి వేయలేదు. కమాన్ పట్టీ ఉక్కుతో కత్తి బాగా కుదురుతుందని పల్లెల్లో కమ్మరులకు తెలుసు. ఒకదాన్ని ఊరి కమ్మరి దగ్గర కాల్పించి, సాగగొట్టించారు. ఇప్పుడది తోటలో ఎండుకొమ్మలు నరికే కత్తి.