నాటకశాల నుండి నాలుకపైకి

ఇంగ్లండులో ఎవరికైనా ఒక విషయం బొత్తిగా అర్థం కాకపోతే “ఇది నాకు గ్రీకు భాష” అంటారు. షేక్‌స్పియర్ రాసిన ‘జూలియస్ సీజర్’ నాటకంలో కాస్కా అనే పాత్ర ఈ మాట అంటుంది. సిసిరో నిజంగానే గ్రీకులో మాట్లాడాడు. కాస్కాకు అది బోధపడలేదు. ఇటువంటి మాట అంతకు ముందే లాటిన్ పండితులలో ఉండేది. దానిని సామాన్య జనంలో బాగా వ్యాపింపజేసినది నాటకరంగం.

‘వెనిస్ వర్తకుడు’ నాటకంలో షైలాక్ అప్పు ఇస్తూ ఒక పత్రం రాయించుకుంటాడు. గడువులోగా బాకీ తీరకపోతే అంటోనియో శరీరం నుండి ఒక పౌను మాంసం కోసి తీసుకోవచ్చునని దాని షరతు. కనికరం లేకుండా తనకు రావలసినది రాబట్టుకొనేవాణ్ణి “పౌను మాంసం అడుగుతున్నాడు” అని ఆంగ్లేయులు నేటికీ అంటారు. అసూయను వారు “ఆకుపచ్చ కన్నుల రాక్షసి” అంటారు. ఇది ‘ఒథెల్లో’ నాటకంలోని మాట. ఆ రాక్షసి విషయంలో జాగ్రత్తగా ఉండుమని ఒథెల్లోను హెచ్చరించిన ఇయాగోయే అతని మనసులో అనుమానపు విత్తనం నాటుతాడు!

కొన్ని మాటలకు కాలక్రమాన అర్థం మారింది. ‘రోమియో జూలియట్’లో “అడవిబాతుల పరుగు” అనే మాట ఉంది. ఆ రోజులలో అది ఒక గుర్రపు పందెం పేరు. ముందున్న రౌతు ఎటు పోతే మిగిలినవారు అటే, బాతుల బారులాగా, వెంబడించాలి. ఇప్పుడు ఆ మాటకు ఫలితం లేని వెతుకులాట అని అర్థం. పందెం మరుగున పడింది, మాట మిగిలింది.

ఈ మాటలు జనంలోకి ఎలా వెళ్ళాయి? లండన్‌లో 1599లో గ్లోబ్ నాటకశాల కట్టారు. అక్కడ ఒక్క పెన్నీ ఇస్తే చాలు, ఆరుబయట నిలబడి నాటకం చూడవచ్చు. చదువు రాని కూలివారు కూడా నచ్చిన మాటను చెవిన వేసుకొని ఇంటికి వెళ్ళేవారు.

షేక్‌స్పియర్ 1616లో మరణించాడు. అప్పటికి ఆయన నాటకాలలో దాదాపు సగం అచ్చు కాలేదు. ఆయనతో కలిసి నటించిన హెమింజ్, కాండెల్ అనే ఇద్దరు 36 నాటకాలను సేకరించి 1623లో ఒక గ్రంథంగా వెలువరించారు. వాటిలో సగం, అంటే 18 నాటకాలు, మొదటిసారి అచ్చయినది అందులోనే. ‘జూలియస్ సీజర్’ వాటిలో ఒకటి. ఆ మిత్రులు పూనుకోకపోతే ఆ నాటకంలో కాస్కా అన్న మాట నేడు మనకు దక్కి ఉండేది కాదేమో.

ఏ భాషలోని జాతీయాలకైనా ఈ రెండూ అవసరం: వాటిని పలికే నోరు, వాటిని రాసి ఉంచే చేయి. ఇంటిలో అవ్వ, తాత మాటల మధ్య దొర్లించే జాతీయాలకు కూడా ఇంతే.