ప్రాస నేర్పిన చదువు

మేము పదో తరగతిలో ఉన్న ఏడాది వార్డెన్ గారు మా గదిలోని ఐదుగురికీ ఒక పని అప్పగించారు. సాయంత్రం స్టడీ అవర్‌లో 3వ తరగతి తమ్ముళ్లను కూర్చోబెట్టుకుని చదివించాలి. మాకే పబ్లిక్ పరీక్షలుంటే ఇదెక్కడి గొడవ అని లోలోపల గొణుక్కున్నాం.

వాళ్లలో ఒక బాబుకు 'అ' నుంచి 'ఱ' దాకా కంఠతా వచ్చు. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క మాట చదవలేడు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే మా దగ్గరికే తెచ్చేవాడు. మేము పైకి చదువుతుంటే చుట్టూ అందరూ మూగేవారు. వాడు తల వంచుకుని నిలబడేవాడు. ఎందుకో మేము ఆలోచించలేదు.

ఒకరోజు వాడి ట్రంకు పెట్టెలో విప్పని ఉత్తరం కనిపించింది. "ఎందుకురా చూపించలేదు?" అని అడిగాం. "మీరు చదివితే అందరూ వింటారన్నా" అన్నాడు. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

మరునాటి నుంచి అక్షరాలు వల్లె వేయించడం మానేశాం. నల్లబల్ల మీద 'ల' రాసి, దాని ముందు అక్షరం మారుస్తూ పోయాం. అల, వల, తల, కల. గుణింతాలకు 'లక' తీసుకున్నాం. పలక, చిలక, మొలక, గిలక. ఒత్తులకు అక్క, ముక్క, చుక్క, చెక్క. అన్న, వెన్న, జొన్న, సున్న. చివర ఒకటే, మొదలే మారుతుంది. కొత్తగా చూడాల్సింది ఒక్క అక్షరమే కనుక పిల్లలకు భయం పోయింది. భోజనాల లైనులో పళ్లెం వాయిస్తూ ఒకడు మొదలుపెడితే పదిమంది అందుకునేవారు. అయితే నోటికి వస్తే చాలదని, పాడినవన్నీ పడుకునే ముందు పలక మీద రాయించేవాళ్లం.

ఇంగ్లీషుకూ అదే దారి పట్టాం. 'ఏ టి' ముందు సి పెడితే క్యాట్, బి పెడితే బ్యాట్, ఆర్ పెడితే ర్యాట్. కానీ కట్, నట్, హట్ చదివినవాడు 'పి యు టి'ని 'పట్' అన్నాడు. మేము నవ్వలేదు. తప్పు వాడిది కాదు, ఇంగ్లీషుది. అలాంటివాటికి 'మొండి మాటలు' అని పేరు పెట్టి విడిగా రాసిపెట్టాం. నిజం చెప్పాలంటే మా స్పెల్లింగులు కూడా అప్పుడే బాగుపడ్డాయి.

సంక్రాంతి సెలవులకు ముందు ఆ బాబు తన ఉత్తరం తీసుకుని నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లాడు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చాలాసేపు చదువుకున్నాడు. వచ్చి, మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. అందులో ఏముందో వాడు చెప్పలేదు, మేము అడగలేదు.

తమ్ముళ్లూ, ఇప్పుడు ఉత్తరాల బదులు ఫోన్లు వచ్చాయి. అయినా చదవలేక తల వంచుకునే చిన్నవాడు మీ పక్కన ఉండే ఉంటాడు. వాడి కోసం మీరు చదివిపెట్టి ఊరుకోకండి. సుద్దముక్క తీసుకుని 'అల, వల, తల' దగ్గర మొదలుపెట్టండి.