ఇంజనుకూ ఊపిరి కావాలి



మన సంఘం బండి 2008 మోడల్ టర్బో డీజిల్. ఆదివారం చుట్టుపక్కల పల్లెల్లోని ముసలివాళ్లను ఆరాధనకు తెచ్చేది అదే. నడిరాత్రి కాన్పు నొప్పులొస్తే ఇడుపులపాయ నుంచి వేంపల్లెకో పులివెందులకో పరుగెత్తేదీ అదే. ఈ ఎండాకాలం అది నిలిచిన చోటల్లా నేలమీద నల్లటి మరకలు పడసాగాయి. చూస్తే మూడు చోట్ల ఆయిల్ కారుతోంది: పైన ట్యాపెట్ కవర్ దగ్గర, అడుగున ఆయిల్ చాంబర్ దగ్గర, టర్బో నుంచి ఆయిల్ తిరిగి దిగే పైపు దగ్గర.

గ్యాస్కెట్‌నే మన మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. రెండు లోహపు భాగాలను ఎంత నునుపు చేసి బిగించినా మధ్యలో సన్నని సందు ఉంటుంది. దాన్ని మూసే పొర అది. ఏళ్లకేళ్లు కాగి, చల్లారి, బిరుసెక్కి చిట్లుతుంది. టర్బో ఉన్న ఇంజనులో వేడి మరీ ఎక్కువ. బయటికి పోయే పొగ తోపుకు టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని అరిగిపోకుండా కాపాడేది ఇంజన్ ఆయిలే. కాబట్టి చుక్కే కదా అని వదిలేస్తే, ఆయిల్ తగ్గిన రోజు టర్బో పోతుంది. కాగిన పొగగొట్టం మీద ఆ చుక్క పడితే మంటే అంటుకోవచ్చు.

మూడు ప్యాకింగులూ మార్పిస్తే సరిపోతుందని అందరూ అన్నారు. వేంపల్లె మెకానిక్కు మాత్రం ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు.

"అయ్యగారూ, లోపల గాలి తన్నుతాంది. ప్యాకింగ్ మార్చేది ఎంతసేపు? ఇది సూడకుంటే నెలకే మళ్లా కారతాది."

పిస్టన్ల పక్కనుంచి కొంచెం పొగ కిందికి దిగడం ప్రతి ఇంజనులోనూ ఉండేదే. అది బయటపడటానికి బ్రీదర్ అనే పైపు ఉంటుంది. బ్రీదర్ అంటే ఊపిరి గొట్టం. మన బండిలో అది నల్లటి జిడ్డుతో పూడిపోయింది. దారి లేని గాలి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను తోసింది. అతను ముందు ఆ గొట్టం కడిగాడు, తర్వాతే ప్యాకింగులు వేశాడు. బోల్టులు ఒక్కసారే బిగించలేదు. మధ్యనుంచి అంచులకు, కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించాడు. అతిగా బిగిస్తే కొత్త ప్యాకింగైనా నలిగి చీలిపోతుంది.

ఇంకో పని కూడా చేశాడు. పాత ప్యాకింగ్ గీకే ముందు దాన్ని నీళ్ల గుడ్డతో తడిపాడు. ఎందుకంటే, వెనకటి ప్యాకింగుల్లో, బ్రేకు లైనింగుల్లో రాతినార వాడేవాళ్లు. అది నిప్పుకు కాలదు. ఆ నార మన నేలదే. భూగర్భ శాస్త్రవేత్తలు వేంపల్లె పేరుతోనే పిలిచే రాతిపొరల్లో, పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లె వంటి చోట్ల, దాన్ని తవ్వారు. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఏళ్ల తర్వాత ఆయాసమై, క్యాన్సరై బయటపడుతుంది. 1986లో ప్రభుత్వం దానికి కొత్త గని లీజులు ఆపింది. 1995లో సుప్రీం కోర్టు, రాతినార పనివాళ్ల ఆరోగ్యం వాళ్ల జీవించే హక్కులో భాగమని చెప్పింది. పాత ముక్కలో ఆ నార ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. అందుకే తడపాలి, కంప్రెసర్ గాలితో ఊదకూడదు.

ఇంజను ఊపిరి గురించి ఇంత ఆలోచిస్తాం. దాని కింద పడుకుని పనిచేసే పదహారేళ్ల పిల్లవాడి ఊపిరి గురించి ఎవరు ఆలోచించాలి? "తొందరగా ఇచ్చేయప్పా" అని మనం పెట్టే ఒత్తిడి కూడా వాడి మీదే పడుతుంది. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ పిల్లవాడికి ఒక మాస్కు ఇవ్వండి, ఒక పూట ఎక్కువ గడువు ఇవ్వండి.

ఇంట్లో కూడా చూసుకోండి. కోడలు ఊరికే కసురుకుంటోందనో, కొడుకు మాట్లాడటం మానేశాడనో చాలామంది నాతో చెబుతారు. అది కారే చోటు మాత్రమే. ఆ మనిషి మనసులోది చెప్పుకునే దారి ఎక్కడ పూడిపోయిందో ముందు వెతకండి. నోరు మూయించడం కన్నా, కూర్చోబెట్టుకుని వినడం మేలు.

బండి ఇప్పుడు కారడం లేదు. వచ్చే ఆదివారం ఎప్పటిలాగే ఏడింటికి బయల్దేరుతుంది.