బుగ్గల తుపాకి

నస్పూర్ల మా గుడిసె ముంగట ఒక నల్లరాయి ఉండేది. మా బాపు దాని మీద తోలు కొట్టేటోడు. మొదటి షిఫ్టు దిగి, వొంటి మీది మసి కడుక్కొని, ఇంత గటక తాగి ఆ రాయి ముంగట కూసునేటోడు. ఆర్‌కే బాయిల కోల్‌ఫిల్లర్ అని కాగితాల మీద ఉండేది. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపుడు ఆయన పని. వాడకట్టుకు మాత్రం తోలుపనాయినె.

మాది చెన్నూరు దిక్కు పల్లె. మా తాత మోట తొండాలు కుట్టేటోడు. ఇప్పటి పిల్లలకు మోట తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఎడ్లు బావి గట్టు దిగుతుంటే నీళ్ల బొక్కెన పైకొస్తది. దాని అడుగున ఉండే తోలు గొట్టమే తొండం. నీళ్లను కాలువలో పోసేది అదే. తొండం కారితే పొలం ఎండేది. పొలం పండించే తోలు కుట్టినోనికి ఏడాదికొకసారి కల్లం కాడ, అందరి కుప్పలు కొలిచినంక మిగిలిన ఇన్ని తాలు వడ్లు. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది. మోటతోపాటు మా తాత పని పోయింది. బాపు బాయికొచ్చిండు. బొగ్గుల దిగినంక అందరు నల్లగనే ఉంటరు, కులం కనపడదు అనుకున్నడట. లోపల నిజమే. పైకొచ్చి తానం చేసినంక ఎవల వాడ వాళ్లదే.

పల్లెను ఇడిసినా బాపు ఆరెను, రంపెను ఇడువలేదు. మొదట చెప్పులు, తర్వాత పంపు స్టవ్వుల పని దొరికింది. పంపు పుల్ల కొసకు ఒక తోలు టోపి ఉంటది, వాషరు. అది ఎండితే గాలి పోతది, స్టవ్వు మండదు. బజార్ల కొన్నది మూడు నెలలకే చినిగేది. బాపు చేసింది రెండేండ్లు వచ్చేది. వీపు తోలు తీసుకునేటోడు. కడుపు తోలు సాగుతది, పనికిరాదు. తంగేడు చెక్కల ఊరిన తోలును గుండ్రంగ కోసి, నానబెట్టి, పాత పైపు ముక్కల కుక్కి, మధ్యల కట్టెముక్క బిగించి రెండు రోజులు నీడకు పెట్టేటోడు. ఎండకు పెడితే పగులుతది. ఆరినంక అంచులు రంపెతో చెక్కి, నూనెల నానేసేటోడు. సైకిలు పంపుకైనా గదే టోపి. కొలతే వేరు.

బుగ్గల సాయబు మా ఇంటికి రావడానికి కారణం ఆ సైకిలు పంపే.

సాయబుది మంచిర్యాల. మాఘంల గాంధారి మైసమ్మ జాతరకు, గోదారి ఒడ్డుకు సమ్మక్క జాతరకు, ఉర్సులకు తిరిగి బుగ్గలు కొట్టిచ్చేటోడు. పరదాకు రంగురంగుల బుగ్గలు కట్టి, ఛర్రాల తుపాకి చేతికిచ్చి, పావలకు మూడు దెబ్బలు. అగ్గువ రకం తుపాకి. దాంట్ల మందు ఉండదు, నిప్పు ఉండదు. గొట్టం వంచితే లోపల స్ప్రింగు బిగుస్తది. గుర్రం నొక్కితే స్ప్రింగు ముందుకు దూకి గాలిని తోస్తది. ఆ గాలికి నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు ఛర్ర పోతది. స్ప్రింగు ముందట గాలిని ఆపేది తోలు టోపే. అది ఎండిపోతే ఛర్ర బుగ్గకు తాకి కింద పడేది. పావల ఇచ్చినోడు కొట్లాటకొచ్చేటోడు. కొత్త టోపి కోసం హైదరాబాదు పోవాలంటే బస్సు కిరాయికే రెండు రోజుల గిరాకి పోతదని సాయబు మొత్తుకున్నడు.

బాపు ఇప్పి చూసి నవ్విండు. "గిది పంపు టోపే గదా సాయబూ. జర మందం గావాలె."

రెండు రూపాయలకొక టోపి. సీలలు అరిగితే సైకిలు సీలల్ని ఆకురాయితో అరగదీసి పెట్టిండు. గురి చూసే మొన ఇరిగితే గొడుగు పుల్ల ముక్కను సాపు చేసి అతికిచ్చిండు. సాయబుకు ఈ మొన మీద ఒక ఇకమతు ఉండేది. "జర పక్కకు వంచు తమ్మి, అందరికి పేలితే నా దుకాణం బందు" అన్నడు. "తొండం వంకర కుడితె నీళ్లు పొలానికి పోవు. నేను వంచ" అన్నడు బాపు. సాయబే వంచుకున్నడు. జాతర ముందర వేరే దుకాణాలోళ్లు కూడ తెచ్చేటోళ్లు. ఒక్కోసారి మా గుడిసెల నాలుగైదు తుపాకులు గోడకు ఆనిచ్చి ఉండేవి. పక్కింటి కాక వచ్చి ఒకటి భుజానికెత్తుకొని మా అవ్వను నవ్విచ్చేటోడు. కాక మాలాయన. బాపుతో ఒకే షిఫ్టు.

అది 1987. నేను ఎనిమిదో తరగతి. బడిలో నన్ను పేరుపెట్టి పిలిచేటోడు లేడు. "తోలోడా" అనేటోళ్లు. నా అంగీకి తంగేడు చెక్క వాసన ఉంటదని పక్కన కూసునేటోడు కాదు ఎవడు. ఒకరోజు మీ నాయిన్లు ఏం చేస్తరని సారు అందర్ని లేపి అడిగిండు. ఓవర్‌మెన్, ఫిట్టర్, క్లర్కు, హాలేజీ. నా వంతు వచ్చింది. కోల్‌ఫిల్లర్ అంటే సరిపోయేది. ఎనకనుంచి ఎవడో "చెప్పులు" అన్నడు, నవ్విన్రు.

"మా బాపు తుపాకులు చేస్తడు" అన్న.

నవ్వు ఆగింది. సారు కూడ నా దిక్కు చూసి ఏం అనలేదు. ఆ దినం ఒంటిబెల్లు కాడ ఇద్దరు పిల్లలు నా పక్కన కూసున్నరు. ఎట్లుంటయని అడిగిన్రు. నేను ఇంకింత చెప్పిన. గొట్టాలున్నయని, స్ప్రింగులున్నయని, రాత్రిపూట మనుషులొస్తరని. బుగ్గల మాట చెప్పలేదు.

తెలువక అన్నానని రాసుకోవచ్చు. అది అబద్ధమైతది. 1981ల యాభై ఆరు రోజుల సమ్మె నాటి ముచ్చట్లు మా వాడల రోజూ నడిచేవి. సికాస రాతలు గోడల మీద పొద్దునకొకటి కనపడేది. రాత్రి జీపు చప్పుడైతే అవ్వలు దీపం ఆర్పేటోళ్లు. ఆ బొగ్గు పట్టీల తుపాకి అనే మాటకు ఎంత బరువుండేదో పదమూడేండ్ల పోరనికి కూడ ఎరుకే. అందుకే అన్న. చెప్పులు కుట్టెటోని కొడుకు కన్న అది నయమనిపించింది.

నాలుగో రాత్రి వచ్చిన్రు. జీపు దూరంగ ఆపి నడిచొచ్చిన్రు. గుడిసెల నాలుగు మూలల టార్చి కొట్టిన్రు. గోడకు రెండు తుపాకులు, డబ్బాల స్ప్రింగులు, సీలలు, నూనెల నానుతున్న టోపీలు.

"ఎవలికి చేస్తున్నవ్ రా?"

"జాతరల బుగ్గలు కొట్టేటియి సారూ."

"కులమేంది?"

"మాదిగోల్లం సారూ."

"మాదిగోనివి చెప్పులు కుట్టుకోక తుపాకులేందిరా నీకు?"

ఆ మాట ఇన్నప్పుడు నాకు బడే యాదికొచ్చింది. రెండుదిక్కుల అదే మాట. అన్ని గోనెసంచిల ఏసుకున్నరు. ఆరె, రంపె కూడ. మా అవ్వ కాళ్ల మీద పడ్డది. బాపును తీస్కపోయిన్రు.

పొద్దున సాయబుకు కబురు పోయింది. ఆయన తుపాకి కొన్న రసీదు పట్టుకొచ్చిండు. వెంబడి పక్కింటి కాక పోయిండు. షిఫ్టు ఇడిసిపెట్టి, మస్టరు పోయినా సరే అని రెండు రోజులు ఆ స్టేషను ముంగట కూసున్నడు. ఆ రకం తుపాకికి అప్పుడు లైసెన్సు అక్కర్లేదు. 2016 ఆయుధాల రూల్సులో కూడ 0.177 అంగుళం గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి అక్కర్లేదనే ఉంది. వాళ్ల భుజాల మీద ఉన్నవి త్రీనాట్‌త్రీలు. మా ఇంట్ల దొరికినవి బుగ్గలు పేల్చేవి. ఆ తేడా వాళ్లకు తెలియదని నేను నమ్మను. మూడో రోజు సాయబు వాళ్ల ముంగటే ఒక బుగ్గ ఊది కొట్టి చూపిచ్చిండట. కాక కాగితం మీద ఏలిముద్ర ఏసినంక ఇడిసిన్రు.

బాపు నడిచే వచ్చిండు. కుడిచెయ్యి బొటనవేలు ఉబ్బి ఉంది. ఏమైందని ఎవరం అడుగలేదు. వారం బాయికి పోలేదు. ఆ వేలు మళ్ల పూర్తిగ వంగలేదు. తర్వాత ఆరెను నాలుగు వేళ్లతోటే పట్టిండు. కొత్త ఆరె, మా తాతది తిరిగి రాలేదు.

ఆ రాత్రి అవ్వ అన్నం పెట్టుకుంట తిట్టింది. "ఎవలు చెప్పిన్రో గని, వాళ్ల నోట్ల మన్నువడ. వాళ్ల నాలిక పురుగులువడ." నా నోట్ల ముద్ద ఉంది. మింగిన.

ఎవలు చెప్పిన్రనేది బాపు ఆలోచించి ఆలోచించి కాకకాడ ఆగిండు. "రోజు ఇంట్లకొచ్చి చూసెటోడు ఆడొక్కడే." మరి రెండు రోజులు స్టేషనుకాడ ఎందుకు కూసున్నడంటే, "తప్పు కప్పుకొనెటందుకు" అన్నడు. చివరకు "మాలోడే గదా" అన్నడు. అంతే. రెండిండ్ల మధ్య తడక లేచింది. నిప్పు ఇచ్చి పుచ్చుకునుడు ఆగింది. ఒకే షిఫ్టుల ఒకే టబ్బు నింపుకుంట పదేండ్లు మాట్లాడుకోలేదు.

ఏడాది తిరిగినంక ఆ స్టేషను జవాను ఒకడు ఛర్రాల తుపాకి తెచ్చిండు. పెద్దసారు కొడుకుదట, గాలి పోతుందట. "కడుపు తోలు పెట్టియ్యి, నెలకు చినిగిపోనీ" అన్నది అవ్వ. బాపు వీపు తోలే పెట్టిండు. పైసలు రాలేదు, ఆయన అడుగలేదు.

1994 జూలై 7న ఈదుముడిల దండోరా మొదలైంది. నేను డిగ్రీల ఉన్న. డప్పేసుకొని తిరిగిన, వాటా గురించి మాట్లాడిన, ఇప్పటికీ ఆ వాటా న్యాయమనే అంటాను. కాని మీటింగుల ఎవరన్న "మాలోళ్లు మనల్ని ఎప్పుడూ" అని మొదలుపెడితే నాకు గొంతుల ఏదో అడ్డం పడేది. మా ఇంట్ల ఆ మాటకు సాక్ష్యం తయారు చేసింది నేనే.

బాపు 2004ల పోయిండు. చెప్పలేదు. చాలాసార్లు నోటిదాక వచ్చింది. ఆ బొటనవేలు చూసి ఆగిపోయిన.

కాక పని మానుకొని కొడుకు దగ్గరికి పోయిండు. 2019ల ఎతుక్కుంట పోయిన. మంచంల ఉన్నడు, దమ్ము ఆడుతలేదు. గుర్తుపట్టి "తోలాయన కొడుకువు గదా" అన్నడు. నేను కూసుండి, బడిల అన్న మాట మొత్తం చెప్పిన.

"నాకు గప్పుడే ఎరుక" అన్నడు. "మా పోరడు నీ కింది తరగతే గద. వాడు గా సాయంత్రమే వచ్చి చెప్పిండు."

"మరి మా బాపుకు చెప్పకపోతివి కాకా? గిన్నేండ్లు నువ్వే మాటలు పడితివి."

చాలాసేపు దగ్గిండు. కోడలు నీళ్లిచ్చింది. తాగి, గిలాస నా చేతికిచ్చిండు.

"దెబ్బలు తినొచ్చినోనికి, నీ కొడుకే చెప్పిండని ఎట్ల చెప్పాలెరా" అన్నడు. "నువ్వు ఏం తినలేదు గద, జర అన్నం తిను."